బల్ల మీద రెండు దెబ్బలు

మా అక్క మొగుణ్ని వీధిలో అందరూ సర్దుబాటు అంటారు. ఎవరికి గొడవొచ్చినా ఆయన మధ్యలో నిలబడి, అటొక భుజం మీద ఒక చెయ్యి, ఇటొక భుజం మీద ఒక చెయ్యి వేసి "సరే, సర్దుకుందాం" అంటాడు. ఆ సర్దుకోవడంలో ఆయన సర్దుకున్నది మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పటికీ ఎవరైనా నా ముందు "మీ బావ బంగారమయ్యా, ఆపదలో నిన్ను ఆదుకున్నాడు" అంటే అక్కణ్నించి లేచి వెళ్లిపోతాను. పదిమందిలో నోరు పెట్టుకునే ఓపిక ఇప్పుడు లేదు. ఆ వేసవి ఏం జరిగిందో ఇక్కడ చెబుతాను, వినేవాళ్లు వింటారు.

మాది సోఫాల పని. పాత సోఫా వస్తే బట్ట ఊడదీసి, స్ప్రింగులు బిగించి, స్పాంజి మార్చి, కొత్త బట్ట లాగి మేకులు కొట్టి ఇస్తాం. బట్ట లాగి పట్టుకోవడానికి ఒక చెయ్యి, సుత్తికి ఒక చెయ్యి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు కాబట్టి మేకులు నోట్లో ఉంటాయి. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోదాన్ని తిప్పి, తల ముందుకొచ్చేలా పెదాల మధ్య నిలబెడితే సుత్తికున్న అయస్కాంతం దాన్ని అందుకుంటుంది. అందుకోవడం, కొట్టడం, సుత్తిని మళ్లీ పెదాల దగ్గరికి తేవడం. మా నాన్న చేస్తుంటే గోడ గడియారం నడిచినట్టుండేది.

అందుకే మా దుకాణంలో ఒక కట్టుబాటు. మేకులు కొట్టేవాణ్ని వెనకనుంచి పిలవకూడదు, ముట్టుకోకూడదు. మాట్లాడాలంటే ముందు వాడు పనిచేసే బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. ఆ అదురు మోచేతులకి తెలుస్తుంది. వాడు మేకుల్ని అరచేతిలోకి ఉమ్మేసి అప్పుడు తిరుగుతాడు.

"పిలిస్తే ఎవడైనా 'ఆఁ' అంటాడు. ఆఁ అన్నాడంటే పోయాయిరా లోపలికి" అనేవాడు నాన్న.

ఇంటిపన్ను వసూలుకొచ్చే ఆయన కూడా రెండు దెబ్బలు కొట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. నా భార్య కాపురానికొచ్చిన వారంలోనే నేర్చుకుంది. ఆ బల్లని ఒక్కసారి కూడా తట్టని మనిషి మా బావ ఒక్కడే. "నేనేమన్నా పరాయివాణ్నా, తట్టి లోపలికి రావడానికి?" అని నవ్వేవాడు.

నాన్న పోయాక దుకాణం నా పేరు మీదికొచ్చింది. మేకులూ సుత్తీ నావి, కుట్టుమిషను నా భార్యది, బయట తిరిగి పని పట్టుకురావడం బావది. ఆయన చేతికి ఎప్పుడూ దుమ్ము అంటేది కాదు. అయినా నేనేమీ అనుకోలేదు. మాట్లాడ్డం కూడా ఒక పనే, అది నాకు రాదు.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, మూడు కాళ్ల మీద కుంటుతున్న పాత సోఫాకి వెనక బట్ట బిగిస్తున్నాను. నోరు నిండా మేకులు. మూల మిషను మీద నా భార్య దిండు గలీబులు కుడుతోంది, ఆ చప్పుడులో ఇంకేమీ వినపడదు. ఉన్నట్టుండి నా వీపు మీద ఫెళ్లుమని ఒక చరుపు పడింది.

"కొట్టేశాం రా బావమరిదీ! సినిమా హాలు మొత్తం మనదే!"

నోట్లోవి నోట్లో లేవు. కొన్ని సోఫా మీద పడ్డాయి, కొన్ని నా చొక్కా మీద. ఒకటి మాత్రం గొంతులో అడ్డంగా గీరుకుంటూ దిగింది. దగ్గాను. కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గాను.

"ఏం రా, ఏమైంది?"

"మింగాను బావా, ఒకటి."

"నీళ్లు తాగు, పోతుంది. నువ్వేమన్నా కొత్తగా మింగుతున్నావా?" అని మంచినీళ్ల చెంబు అందించి, వెంటనే హాలు సంగతి మొదలుపెట్టాడు. వానాకాలంలో పెద్ద సినిమాలున్నాయట, ఆలోగా హాల్లో సీట్లన్నిటికీ కొత్త ఎర్ర రెక్సిన్ వేసివ్వాలట. మేనేజరు దగ్గర ఒప్పుకుని వచ్చేశాడు.

బావ అన్నదాంట్లో తప్పు లేదు. మా పనిలో మేకు మింగనివాడు లేడు. నాన్న మూడు మింగాడు. నేను అంతకుముందు ఒకటి మింగాను. ఎవరూ ఆసుపత్రికి పోరు. రెండు అరటిపళ్లు తిని, ఒక రొట్టెముక్క నమలకుండా దిగమింగి, మర్నాడో ఆ మర్నాడో పోయిందనుకుని మర్చిపోతారు. నేనూ అలాగే తిన్నాను, అలాగే మర్చిపోయాను. నా భార్యకి చెప్పనైనా చెప్పలేదు. చెమట పట్టిందని ఎవరైనా పెళ్లానికి చెబుతారా?

సినిమా హాల్లో పని మొదలుపెట్టాం. పగలు ఆటల్లేని హాలు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. కప్పులోంచి నాలుగు దీపాలు, పాత స్పాంజి వాసన, సీట్ల కింద ఏళ్లనాటి టికెట్టు ముక్కలు, ఎండిపోయిన తొక్కలు, ఒంటి చెవిపోగులు. వరసకి వరస సీట్లు ఊడదీసి, తెర ముందు వేసుకున్న బల్ల మీద పెట్టి, చిరిగిన బట్ట పీకి, కొత్తది బిగించి, మళ్లీ తీసుకెళ్లి పెడుతున్నాం. నా భార్య మిషను కూడా అక్కడికే తెచ్చింది.

మొదటి పక్షంలోనే నాకు ఒంట్లో ఏదో తేడా తెలిసింది. వరస చివరిదాకా సీటు మోసేసరికి ఆయాసం. మెట్లెక్కితే చెవుల్లో హోరు. ఒకరోజు పొద్దున పాయిఖానాకి వెళ్లి చూసుకుంటే తారు పోసినట్టు నల్లగా ఉంది. ఎండకి వేడి చేసిందనుకున్నాను. నాలుగు రోజులు మామూలుగా ఉండేది, మళ్లీ నల్లగా వచ్చేది. ఒకసారి నల్లగా కాదు, ముదురెరుపు. అప్పుడు భయమేసి నా భార్యకి చెప్పాను.

ఆమె మిషను ఆపింది. నా ముఖం చూసింది. కనురెప్ప కిందికి లాగి చూసింది, తెల్లగా పాలిపోయి ఉంది.

"నోరు చూపించు" అంది.

ఈ మాట వెనక ఒక కథ ఉంది, దాన్ని పొడిగించను. ఒకప్పుడు నేను తాగేవాణ్ని. బాగానే తాగేవాణ్ని. మా కూతురు పుట్టిన ఏడాది మానేశాను. మానేశాక కూడా చాలాకాలం నా భార్య సాయంత్రం నేను ఇంటికి రాగానే నోరు వాసన చూసేది. తర్వాత ఆ అలవాటు పోయింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది.

"ఇనుము వాసనే" అన్నాను.

"ఆ ఇనుము వాసన కింద ఏం దాచావో" అంది.

"ఒట్టు."

"ఒట్లు అప్పుడూ పెట్టేవాడివి."

ఆమెని నేను తప్పు పట్టను. పట్టకూడదనే అనుకుంటాను. కానీ రాత్రీ పగలూ నా పక్కనే మిషను ముందు కూర్చున్న మనిషికి నేను ఎప్పుడు తాగుతానో కూడా తెలియదా అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

బావ నన్ను చిన్నాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు కుర్రవాడే, మెడలో గొట్టం వేసుకుని, కాగితం మీదనుంచి తలెత్తకుండా అడిగాడు.

"తాగుతావా?"

"మానేశానండి."

"మానకముందు?"

"తాగేవాణ్నండి."

"ఎంత?"

నేను బావ వైపు చూశాను. బావ దగ్గుతూ, "అదీ, పాత సంగతి డాక్టరుగారూ. కాస్త ఎక్కువే అనుకోండి" అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో. నా పరువు కాపాడుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. రెండు రోజులయ్యాక నోట్లోంచి గొట్టం దించి కడుపు చూశారు, పుండేమీ లేదన్నారు. ఇంకోరోజు కిందనుంచి గొట్టం పెట్టి చూశారు. పేగు ఖాళీ చెయ్యడానికి ముందురోజంతా ఇచ్చిన మందునీళ్లు తాగీ తాగీ నా ప్రాణం అరచేతిలోకొచ్చింది. అటూ ఏమీ లేదన్నారు. పైనా లేదు, కిందా లేదు. ఆ రెండు గొట్టాలూ అందుకోని చోటు మధ్యలో చాలా ఉందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు, నాకెవరూ చెప్పలేదు. "పైపైన పడ్డ పుండు ఏదైనా మానిపోయుంటుంది. తాగుడు మానితే చాలు" అన్నాడు డాక్టరు.

ఏం తాగావని అందరూ అడిగారు. ఏం మింగావని ఒక్కరూ అడగలేదు.

అన్నట్టు, ఎక్స్‌రే కూడా తీశారు. అదే నాకు ఇప్పటికీ నిద్రలో కనిపించేది. ఎక్స్‌రే తీసినతను ఫిల్ము దీపానికి ఎత్తిపట్టి చిరాకుపడ్డాడు.

"జేబులు ఖాళీ చేసి రమ్మంటే వినరు కదా. ఇదిగో, మేకు. మళ్లీ తియ్యాలి."

కడుపు బొమ్మ మీద, కింద కుడివైపు, వెన్నెముక పక్కన, తెల్లగా మెరుస్తూ ఒక చిన్న మేకు. తలా మొనా స్పష్టంగా ఉన్నాయి.

నేను ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. రెండో జేబు చూశాను. అందులోనూ లేదు.

"మా పనివాళ్లంతేనండీ" అన్నాడు బావ. అతని భుజం మీద చెయ్యి వేశాడు, వేస్తాడని నాకు ముందే తెలుసు. "జేబుల్లో మేకులు, నడుం పట్టీల్లో మేకులు, చెప్పుల్లో మేకులు. మా అక్కడ ఉతికిన బట్టలు దులిపితే మేకులు రాలతాయి. మళ్లీ ఎందుకు లెండి తియ్యడం, అక్కడ పని ఆగిపోయింది. సర్దుకోండి."

"జేబులో లేదు బావా" అన్నాను.

"పడిపోయుంటుందిలేరా, పద."

అతను సర్దుకున్నాడు. ఫిల్ము కవరులో పెట్టి ఇచ్చేశాడు. నాకు అప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. గోడ పట్టుకుని నడిచాను. మింగి నెల దాటిన మేకుని ఎవడు తలుచుకుంటాడు? మా లెక్కలో అది ఎప్పుడో బయటికి పోయింది. నాకు గుర్తురాలేదు. ఆయనకి గుర్తొచ్చిందా రాలేదా అన్నది ఆయన మనసుకే తెలియాలి. గుర్తొచ్చిందనే నా నమ్మకం. రాకపోతే అంత తొందరగా ఆ మాటలన్నీ నోటికెలా వస్తాయి?

తర్వాత పది రోజులు బాగానే గడిచాయి. మందుబిళ్లలు వేసుకున్నాను, పని చేశాను. బాల్కనీ అయిపోయింది, కింద సగం అయింది. మేనేజరు వచ్చి ఒక కొత్త సీట్లో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, "బాగుందయ్యా, జనం సినిమా చూడకుండా నిద్రపోతారేమో" అన్నాడు. నా భార్య కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

ఆ మర్నాడే, బిగించిన సీట్లు సరిగా మడుస్తున్నాయో లేదో చూస్తూ వరసలో ఒక్కోదాంట్లో కూర్చుని లేస్తున్నాను. మధ్యలో ఒకదాంట్లో కూర్చున్నాక లేవలేకపోయాను. ఒళ్లంతా చల్లబడింది. కింద తడిగా, వెచ్చగా అనిపించింది. రెక్సిన్ కొత్తది, ఎర్రటిది, అందుకే ముందెవరికీ ఏమీ కనిపించలేదు. నా భార్య దగ్గరికొచ్చి "లే, అందులోనే పడుకుంటావా?" అని చెయ్యి పట్టుకుని లాగింది. లాగిన చెయ్యి సీటుకి తగిలింది. దాన్ని దీపం వైపు పెట్టి చూసుకుంది. అప్పుడు అరిచింది.

మళ్లీ చిన్నాసుపత్రే. కుడిచేతికి సెలైను, దాని వెంట రక్తం. ఇక మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, పొట్ట కొయ్యాల్సి రావచ్చు అన్నారు. ఖర్చు మాట వచ్చింది. నా దగ్గర ఏముంటుంది? బావ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క కాళ్ల దగ్గర నిలబడింది. నా భార్య తలుపు దగ్గర, మా పిల్లని ఎత్తుకుని.

"ఎంతైనా నేను పెడతా, ఆ బెంగ పెట్టుకోకు" అన్నాడు బావ. "కానీ ఒక మాట రా. మీ అక్క అంటోంది, నేను కాదు."

అక్క వెంటనే అందుకుంది. "నాన్న కొట్టురా అది. నువ్విలా తాగితాగి రేపు ఏమైనా అయితే, ఎవడో అప్పులవాడొచ్చి తాళం వేసుకుపోతాడు. నా పేరున రాసెయ్యి. నీ పెళ్లాం పిల్లల్ని నేను చూడనా?"

"అక్కా, నేను తాగలేదు."

"మరి నెత్తురెందుకు పడుతోంది?"

నేనేం చెప్పను? జవాబు నా కడుపులో ఉంది, నా దగ్గర లేదు.

"చెప్పరా. తాగకపోతే ఊరికే పడుతుందా నెత్తురు? అంతమంది చూశారు, రెండు గొట్టాలు పెట్టారు, ఏమన్నా కనిపించిందా?"

నేను తలుపు వైపు చూశాను. ఒక్కమాట, ఒకే ఒక్కమాట కోసం చూశాను. 'మా ఆయన తాగలేదు వదినా, నేను పక్కనే ఉన్నాను' అంటే చాలు, నేను చచ్చినా సంతకం పెట్టేవాణ్ని కాదు. నా భార్య పిల్లని ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"పెట్టెయ్యి" అంది. నావైపు చూడలేదు.

సెలైను ఉన్న చెయ్యి కదపొద్దన్నారు. బావ అందించిన కాగితం మీద రెండో చేత్తో పెట్టాను. వంకరగా వచ్చింది, అయినా చెల్లింది.

పెద్దాసుపత్రిలో పొట్టలు కోసే డాక్టరమ్మ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, బడి పంతులమ్మలా ఉంది. మంచం దగ్గరికొచ్చి అన్నిటికంటే ముందు అడిగింది.

"ఏం పని చేస్తావు నువ్వు?"

అన్ని వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. చెప్పాను. మేకులూ నోరూ సుత్తీ అన్నీ చెప్పాను, చెప్పడానికి ఎవరో దొరికారన్న సంతోషంతో. ఆమె వింటూనే కవరులోంచి పాత ఫిల్ము తీసి కిటికీకి పెట్టింది.

"ఇదేంటి?"

"జేబులో మేకండి. పనివాళ్లకి ఉంటాయి."

"జేబు నీకు వెన్నెముక పక్కన ఉంటుందా?" అంది. వెనక్కి తిరిగి నర్సుతో, "బట్టలన్నీ తీసేసి స్కాను చెయ్యండి. ఒక్క నూలుపోగు ఉండకూడదు" అంది.

స్కాను గదిలో పుట్టినప్పటిలా పడుకున్నాను. ఒంటి మీద బొత్తాం కూడా లేదు. మేకు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఆ మాట గది బయటనుంచి వినిపించినప్పుడు నా వీపు మీద ఆ చరుపు మళ్లీ పడ్డట్టయింది. గొంతులో ఆ గీరుడు, చెంబుతో ఆ నీళ్లు, 'నువ్వేమన్నా కొత్తగా మింగుతున్నావా' అన్న మాట. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అప్పటికే చక్రాల మంచం మీద తోసుకుపోతున్నారు. బావ నడవాలో పరిగెడుతూ పక్కనే వచ్చి "భయపడకు రా, నేనున్నాను" అన్నాడు.

మెలకువొచ్చేసరికి ముక్కులో గొట్టం, పొట్ట మీద బొడ్డు పక్కనుంచి నిలువుగా కట్టు, నోరు ఎండిపోయి అట్టముక్కలా ఉంది. డాక్టరమ్మ వచ్చింది. నా భార్య, బావ అక్కడే ఉన్నారు. ఆమె చేతిలో మందుబిళ్లల సీసా అంత చిన్న సీసా ఉంది. ఊపితే టకటకమంది.

"ఇదిగో నీ సామాను" అంది. "కొందరికి పుట్టుకతోనే చిన్నపేగు చివర ఒక చిన్న తిత్తి ఉంటుంది. నూటికి ఇద్దరికి ఉంటుందేమో. చాలామందికి ఉందని తెలియను కూడా తెలియదు, చచ్చేదాకా ఏ ఇబ్బందీ పెట్టదు. అంటే నీ పేగుకి దేవుడు ఒక జేబు కుట్టాడన్నమాట. మేకు పోయి ఆ జేబులో పడింది. అక్కడ కూర్చుని గీరుతూ వచ్చింది. కొన్నాళ్లు గీరింది, కొన్నాళ్లు ఊరుకుంది, చివరికి నెత్తురు నాళాన్ని పొడిచింది. ఆ తిత్తీ, పక్కన పుండుపడ్డ పేగు ఒక జానెడూ కోసి తీసేశాను. రెండు కొసలూ కలిపి కుట్టాను. కుట్టుపనిలో నీకు నేనేం తీసిపోను."

నేను నవ్వబోయాను, కుట్లు లాగాయి.

"ఇంకోటి" అంది, నా భార్య వైపు తిరిగి. "పొట్ట తెరిచినప్పుడు లివరు కూడా చూశాను. శుభ్రంగా ఉంది. ఎవరో తాగుడు అని రాశారు కాగితాల్లో. ఇది తాగుడు జబ్బు కాదమ్మా. ఒక్క చుక్క సంబంధం కూడా లేదు."

ఆమె వెళ్లిపోయింది. నా భార్య తడిగుడ్డతో నా పెదాలు తుడవడానికి వంగింది. వంగి, అలవాటు కొద్దీ ఊపిరి లోపలికి పీల్చింది. పీల్చాక తనేం చేసిందో తనకే తెలిసింది. గుడ్డ నా గుండెల మీద పెట్టేసి, మంచినీళ్లు తెస్తానని బయటికి వెళ్లింది. నాకు నీళ్లు ఇవ్వకూడదని నర్సు చెప్పింది, తను విన్నది కూడా.

బావ సీసాని తిప్పి తిప్పి చూశాడు. వెలుతురుకి పట్టి చూశాడు. మేకు నల్లబడింది కానీ తల మీద చారలు తెలుస్తూనే ఉన్నాయి, మేం వాడే రకమే. దాన్ని మెల్లిగా అలమర మీద పెట్టాడు. కాసేపు అటు తిరిగి, కిటికీలోంచి బయట ఆగి ఉన్న బండ్లని చూస్తూ నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన అడుగుల చప్పుడు మంచం దాకా వచ్చి ఆగింది.

మంచం కాళ్లవైపు ఇనుప కమ్మీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. అరచేత్తో, మెత్తగా. ఆ అదురు నా మోచేతులకి తెలిసింది.

కళ్లు తెరిచాను.

"ఎలా ఉందిరా?" అన్నాడు.

ముక్కులో గొట్టం ఉంది కానీ నోట్లో మేకుల్లేవు. మాట్లాడగలను. చాలా మాట్లాడగలను.

"పర్వాలేదు బావా" అన్నాను.

అంతే. దాని గురించి మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ ఇంకో మాట లేదు.

ఇంటికొచ్చాక మూడు నెలలు బరువెత్తొద్దన్నారు. హాలు పని బావ ఎవరినో పెట్టి పూర్తి చేయించాడు. వానలు మొదలయ్యేసరికి సినిమాలు కూడా మొదలయ్యాయట, నేను చూడలేదు. నేను కూర్చున్న ఆ సీటు మాత్రం మళ్లీ విప్పి కొత్త రెక్సిన్ వేశారని విన్నాను. లేచి తిరగడం మొదలుపెట్టాక ఒకరోజు దుకాణానికి వెళ్లాను. దూరంనుంచే బోర్డు మారిందని తెలిసింది. ముందు గోడ తీసేసి అద్దాలు పెట్టారు. లోపల ఎక్కడో యంత్రాల మీద తయారైన సోఫాలు, ప్లాస్టిక్ కాగితం తియ్యనివి, వరసగా ఉన్నాయి. నాన్న బల్లని నడుమకి కోసి, పైన అద్దం పరిచి, గల్లాపెట్టె పెట్టుకున్నారు. అద్దం కింద సుత్తి దెబ్బల గుంటలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకాయన పక్కవాడికి వాటిని చూపించి "పాతకాలం డిజైను" అంటున్నాడు.

బావ అటు తిరిగి ఫోను మాట్లాడుతున్నాడు. నేను బల్ల మీద పరిచిన అద్దం మీద రెండు దెబ్బలు కొట్టాను.

ఉలిక్కిపడ్డాడు. ఫోను చేతిలోంచి జారబోయి పట్టుకున్నాడు.

"నువ్వా! రా, కూర్చో. ఏంట్రా, చెప్పకుండా వచ్చావు?"

"నేనేమన్నా పరాయివాణ్నా?" అన్నాను.

ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయి, వెంటనే మామూలైంది. టీ తెప్పించాడు. కొత్త సోఫాలో కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ కాగితం కిర్రుమంది.

"బావా, ఇప్పుడు తెలిసింది కదా నేను తాగలేదని. కొట్టు మళ్లీ నా పేరు మీదికి మార్పించు. నీ ఖర్చు నేను తీరుస్తాను, కొంచెం కొంచెంగా."

"అక్క పేరున ఉంటే నీ పేరున ఉన్నట్టు కాదట్రా? ఇప్పుడు నీ ఒంటికి ఈ పని పడదు. ఇదిగో, నీ పెళ్లాం మిషను వెనక గదిలో వేయించాను. పరదాలు, గలీబులు కుడుతుంది. జీతం నెలనెలా ఇచ్చేస్తున్నాను. సర్దుకుందాం రా."

నా భార్య అక్కడ పనిచేస్తోందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు, ఎక్కడో కుట్టుపనికి పోతోందనుకున్నాను. వెనక గది తలుపు వారగా ఉంది. మిషను చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ రోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, నా ఎదురుగా నిలబడింది. ఏమన్నా అడుగుతుందేమో అనుకున్నాను. "నీకు భోజనం పెట్టనా?" అంది. ఆ రోజు తర్వాత నా నోరు వాసన చూడొద్దని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమే మానేసింది. నిజంగా తాగొచ్చినా చూడదని నాకిప్పుడు తెలుసు. ఒకసారి తాగి చూశాను. చూడలేదు.

ఇప్పుడు ఇంటి మెట్ల మీద కుర్చీలకి సీట్లు బిగిస్తుంటాను. మేకులు రేకు డబ్బాలో పెట్టుకుంటాను, ఒక్కోటి చేత్తో తీసుకుంటాను, అందుకే పని సగమే అవుతుంది. మేకున్న సీసా ఇంట్లో అలమరలో ఉంది. అప్పుడప్పుడు మా అమ్మాయి ఊపి చూస్తుంది.

డాక్టరమ్మ నా లోపలినుంచి తీసుకున్నది జానెడు పేగు, దానికి అతుక్కున్న తిత్తి. బావ తీసుకున్నది వీధివైపు పన్నెండడుగుల వెడల్పు, లోపలికి ఇరవయ్యారడుగుల పొడవు, వెనక గోడవారన కుళాయి ఉన్న మూడడుగుల సందు, దుకాణం మధ్యలో మా నాన్న బల్ల.